పదమూడు అంగుళాలు ఎవరి పరిధి? కోనసీమలో ఒక పంచాయతీ కేసు

ఊరి పేరు రాయను. రాస్తే ఇద్దరు సర్పంచులు, నలుగురు ఇంజినీర్లు ఫోన్ చేస్తారు. వాళ్లలో ఒకాయన ఇప్పటికీ సంక్రాంతికి పూతరేకులు పంపిస్తాడు, ఆయన్ని బాధపెట్టడం నాకిష్టం లేదు. కోనసీమలో జాతీయ రహదారి ఊరి మధ్యలోంచి పోయే పంచాయతీలు బోలెడున్నాయి, వాటిలో ఒకటనుకోండి. నేనప్పుడు అక్కడ పంచాయతీ కార్యదర్శిని. కొత్త జిల్లాలు వచ్చిన 2022 నాటి సంగతి. ఈ మధ్య ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి "సార్, పంచాయతీకి 29 అధికారాలు ఉన్నాయంటారు, నాకు ఒక్కటీ కనపడట్లేదు" అంది. నోటితో చెప్పబోయి సగంలో ఆపేశాను, అంత పొడుగు కథ. అందుకని రాస్తున్నాను.

ఆ ఏడాది జులైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి, పడవలు తిరిగాయి, పెద్దవాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు. మా ఊరు ఏటిగట్టుకు ఇవతల ఉంది కాబట్టి అప్పుడు మాకేమీ కాలేదు. మా వంతు అక్టోబరులో వచ్చింది. మూడు రోజులు ముసురు, నాలుగో రోజు కుండపోత. వాన వెలిసింది గానీ నీళ్లు కదల్లేదు. రోడ్డుకు ఉత్తరాన ఉన్న పేటలో, అంటే దళితవాడలో, నూట నలభై గడప తొమ్మిది రోజులు మోకాలి లోతు నీళ్లలో ఉన్నారు.

తొమ్మిదో రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఒక పెద్దావిడ మంచం మీద మంచం వేసి, పైదాని మీద గ్యాస్ పొయ్యి పెట్టుకుని టీ కాస్తోంది. కింది మంచం పట్టెకి నీళ్లకి మధ్య నాలుగు వేళ్ల సందు. నాకూ ఒక గ్లాసిచ్చి, "జులైలో గోదారి పొంగితే లంకలోళ్లకి పడవలేసుకొచ్చారు కదా బాబూ, మాకొచ్చింది గోదారి నీళ్లు కాదని రాలేదా?" అంది. నాకు జవాబు తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు. ఏటి వరద లెక్క వేరు, వాన నీళ్లు నిలవడం లెక్క వేరు, దానికీ దీనికీ కాగితాలు వేరు.

డెల్టా అంటే పళ్లెంలా చదునుగా ఉంటుందనుకుంటారు బయటివాళ్లు. వాలు ఉంటుంది, కంటికి ఆననంత వాలు, సముద్రం వైపు. పంట కాలువ ఎత్తు మీద నడుస్తుంది, మురుగు పల్లం వెతుక్కుంటుంది. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించి నీళ్లు వచ్చే దారి వేశాడు, ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం, తప్పులేదు. వచ్చిన నీళ్లు పోయే దారి సంగతి మాత్రం ఎప్పుడూ రెండో బంతిలోనే కూర్చుంది. 1960ల్లో మిత్రా కమిటీ వచ్చింది ఈ డెల్టా మురుగు బాధ చూడ్డానికే. 2011 సార్వాకి (ఖరీఫ్ పంటకి) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కూడా, ధర గిట్టట్లేదన్న గోడు పక్కనే డ్రెయిన్లు పూడిపోయాయన్న గోడూ ఉంది.

మా ఊళ్లో నీటి దారి ఇలా ఉంటుంది. పేటలోని సిమెంటు డ్రెయిన్లు ఊరి మురుగు బోదెలో, అంటే చిన్న కాలువలో పడతాయి, ఆ బోదె రహదారి కింద తూము (కల్వర్టు) లోంచి దక్షిణానికి దాటి, చేల మధ్య, చేపల చెరువుల గట్ల పక్కన ఆరు వందల మీటర్లు నడిచి, ప్రభుత్వం తవ్వించిన మీడియం డ్రెయిన్లో కలుస్తుంది. అది పోయి పోయి సముద్రపు మొగలో పడుతుంది. మా పొలిమేర లోపల అంతా కలిపితే కిలోమీటరున్నర ఉండదు. దానికి యజమానులు నలుగురని నాకు అప్పటికి తెలీదు.

మొదటి రోజుల్లో అందరూ చేసే పనే చేశాం. రైతుల దగ్గర ఆయిల్ ఇంజన్లు నాలుగు తెచ్చి రోడ్డు ఇవతలి నీళ్లు అవతలికి తోడాం. అవతల బోదె నిండుగా ఉంది కాబట్టి రాత్రికల్లా అవే నీళ్లు తూములోంచి వెనక్కి వచ్చాయి. రెండు రోజులు డీజిలు కాల్చి మా నీళ్లు మేమే తిప్పి తిప్పి తోడుకున్నామన్నమాట. మూడో రోజు కుర్రాళ్లు పలుగులు పట్టుకుని రోడ్డుకి గండి కొడతామన్నారు. జాతీయ రహదారిని పాడుచేస్తే ఐదేళ్ల దాకా జైలు పడే సెక్షన్ ఉందని నేనే చెప్పి ఆపాను. ఆపినందుకు ఎస్సై గారు మెచ్చుకున్నారు, పేట కుర్రాళ్లు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నీళ్లు తగ్గాక రిటైరైన ఒక కాలువ లస్కరుని (కాలువ కాపలా చూసేవాడు), మా ఊరి తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని తూము దగ్గరికి వెళ్లాను. "ఎనకటికి ఈ తూములోంచి ఈదుకుంటా పోయేవోణ్ణి బాబూ, ఇప్పుడు పీత కూడా వంగి పోవాలి" అన్నాడు లస్కరు. మేస్త్రి తన లెవెల్ పైపు తీశాడు. మీరు చూసే ఉంటారు, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబు, నిండా నీళ్లు. గాలి బుడగ లేకుండా నోటితో పీల్చి సరిచేసి, ఒక కొస నా చేతికిచ్చి తూము గోడకి ఆనించి పట్టుకోమన్నాడు, రెండో కొస, ఒక వెదురు గెడ పట్టుకుని తను బోదెలోకి దిగాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఊగి ఊగి నిలబడ్డాయి. ఇటు గోడ మీద పెన్సిల్ గీత, అటు గెడ మీద గీత. గోడ మీది గీత నుంచి తూము గచ్చుకి టేపు పెడితే 31 అంగుళాలు. గెడ మీది గీత నుంచి బోదె అడుగుకి 44. "పదమూడంగుళాలు ఎత్తున ఉందండి గచ్చు. బోదె పదమూడంగుళాలు నిండితే గానీ తూములోకి తొలి చుక్క పోదు" అన్నాడు మేస్త్రి, బురద కడుక్కుంటూ.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత తూముకి రెండు పక్కలా కొత్త ముక్కలు అతికించారు, కొత్త గచ్చు ఆ ఎత్తున పోశారు. ఎవరు పోశారన్నది ఈ కథకి అక్కర్లేదు. అవతలి పక్క కొలిస్తే ఇంకో ముచ్చట, అక్కడ బోదెలో పూడిక గచ్చుకి ఇంకో అడుగున్నర పైన ఉంది. అంటే గచ్చు పగలగొట్టి దించినా నీళ్లు పోవు, పూడిక తీసినా పోవు. రెండూ కావాలి.

ఆ రాత్రి రాజ్యాంగం తీశాను. నిజంగానే, పోటీ పరీక్షలకి కొన్న పాత పుస్తకం, అట్ట ఊడిపోయింది. ఏడో షెడ్యూల్లో కేంద్ర జాబితా 23వ అంశం, జాతీయ రహదారులు. 1956 నాటి రహదారుల చట్టం ప్రకారం అవి కేంద్రం ఆస్తి, వాటి బాగోగులు కేంద్రం పని, కావాలంటే ఆ పనిని రాష్ట్రానికి అప్పగించొచ్చు. రాష్ట్ర జాబితా 17వ అంశం, నీరు: సాగునీరు, కాలువలు, మురుగు పారుదల, గట్లు. ఇంతవరకూ తెలిసిందే. పుస్తకం చివర పదకొండో షెడ్యూలు, పంచాయతీలకిచ్చే 29 అంశాలు. అందులో 13వది చదివి లేచి కూర్చున్నాను. రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గాలు. కల్వర్టు అన్న మాట రాజ్యాంగంలో ఉంది! మా ఊరి తూము ఒక్కటే, మూడు జాబితాల్లోనూ ఉంది.

పొద్దున సర్పంచి గారికి చెప్పాను. నలభై దాటిన మనిషి, రెండెకరాల కొబ్బరితోట, భర్తని ఆఫీసు గుమ్మం దాటనివ్వదు, మా మండలంలో అదే పెద్ద విశేషం. విని "అయితే మనదేగా సెక్రటరీ గారూ, రేపే పగలగొట్టిద్దాం" అంది.

మెలిక అక్కడే ఉంది. ఆ 29 అంశాలూ పంచాయతీలకి వాటంతట అవి రావు. 243జీ అధికరణం చెప్పేదేంటంటే, రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఇవ్వవచ్చు అని. ఇవ్వాలి అని కాదు, ఇవ్వవచ్చు. పైగా స్థానిక పాలన అన్న అంశమే రాష్ట్ర జాబితాలో ఐదోది. కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య పంపకం అన్నదమ్ముల పంపకం లాంటిది, దస్తావేజుంది, హద్దురాళ్లున్నాయి, గొడవొస్తే సుప్రీంకోర్టుంది. రాష్ట్రానికీ పంచాయతీకీ మధ్యది అలా కాదు, తండ్రి చిన్న కొడుకుతో "నీకూ ఇస్తాలేరా" అనడం. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసింది, చిన్న కొడుకు ఇంకా వాకిట్లోనే కూర్చున్నాడు. రాజ్యాంగం గట్టిగా "జరగాలి" అని చెప్పినవి కూడా ఎలా జరుగుతాయో చూశాం కదా. ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నికలు పెట్టాలని 243ఈ చెబుతుంది. మన దగ్గర 2018 ఆగస్టులో గడువు తీరితే 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. మధ్యలో రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన.

ఒక పక్క మాట. రాజ్యాంగ సభలో 1948 నవంబరు 4న అంబేడ్కర్ గ్రామాల మీద ఎంత కటువుగా మాట్లాడాడో చదివే ఉంటారు, ఊరంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం పేరుకున్న గుంట అన్న అర్థంలో. ఆ నెలలోనే, గాంధీగారి మాట కోసం, పంచాయతీల గురించిన 40వ అధికరణాన్ని చేర్చడానికి ఒప్పుకున్నాడు కూడా. ఇప్పుడు మా జిల్లాకి ఆయన పేరే. మా ఊళ్లో నీళ్లు నిలిచేది పేటలోనే అన్నప్పుడల్లా నాకు ఆ గుంట అన్న మాటే గుర్తొస్తుంది. పల్లం ఎవరికి దక్కిందో, ఎత్తు ఎవరికి దక్కిందో చూడ్డానికి లెవెల్ పైపు అక్కర్లేదు.

సరే, ఉత్తరాల సంగతికొద్దాం, ఇందులో నా తప్పు ఉంది. తూము రోడ్డు కింద ఉంది కదా అని నేరుగా రోడ్లు భవనాల ఆఫీసుకి రాశాను. యాభై రోజులకి జవాబొచ్చింది, ఇది జాతీయ రహదారి, మాది కాదు, ఆ విభాగాన్ని అడగండి అని. తీరా చూస్తే మాది కాదన్నవాళ్లూ, అడగమన్న ఆ విభాగం వాళ్లూ ఇద్దరూ రాష్ట్ర ఇంజినీర్లే, జీతం రాష్ట్రానిది, జాతీయ రహదారి మీద పెట్టే డబ్బు మాత్రం కేంద్రానిది. ఒక రోజు పనిగట్టుకుని వెళ్లి కనుక్కుని ఉంటే యాభై రోజులు మిగిలేవి. కొత్తవాళ్లు ఈ తప్పు చెయ్యకండి.

తర్వాత మూడు చోట్లకి రాశాను. రహదారి వాళ్లు: తూము మంజూరైన డిజైను ప్రకారమే ఉంది, దిగువ బోదె పూడిపోవడం వల్ల నీరు నిలుస్తోంది, అది తొలగించనిదే మా వైపు ఏం చేసినా ప్రయోజనం లేదు. డ్రెయినేజీ వాళ్లు: మా రికార్డులో ఉన్నది మీడియం డ్రెయిను మాత్రమే, సదరు ఆరు వందల మీటర్ల బోదె మా పరిధిలో లేదు, అయినా తూము మట్టం సరిచేయనిదే పూడిక తీసినా నిలవదు. మా సొంత పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ వాళ్లు: పంచాయతీ ఆస్తి కాని దాని మీద పంచాయతీ డబ్బు ఖర్చు పెడితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. మూడు ఉత్తరాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒక్క అబద్ధం లేదు. ఎవరి మాట వాళ్లకి అక్షరాలా నిజం, పదమూడంగుళాలు మాత్రం ఎక్కడున్నవి అక్కడే.

నీటి సంఘం ఉంది కదా అంటారు. ఉంది, 1997 చట్టం కింద వచ్చిన సాగునీటి వినియోగదారుల సంఘాలు, రైతుల సంఘాలే. వాళ్ల చూపు చేలోకి నీళ్లు తెచ్చే బోదె మీద ఉంటుంది, పేటలోంచి నీళ్లు బయటికి పోయే బోదె మీద కాదు. గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ ఉన్నాడు, చురుకైన కుర్రాడు, 2019 అక్టోబరు 2న మొదలైన ఆ వ్యవస్థ మా పంచాయతీ ఆఫీసు పక్క గదిలోనే ఉంది, కానీ అతను ఎవరి మాట వినాలో సర్పంచి గారికీ తెలీదు, అతనికీ తెలీదు.

ఈ కేసు మలుపు తిరిగింది ఒక టీ కొట్టు దగ్గర. డివిజన్ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరైన ఒకాయన నా గోడంతా విని, "అధికారం ఎవరిదని అడుగుతుంటే ఎవడు మాత్రం నాదంటాడయ్యా, అంటే పని మీదపడుతుందిగా. ఏ పద్దులో ఇప్పటికే డబ్బుందో అడుగు. పద్దు ఉన్నవాడికి చిన్న ముక్క చూపించు" అన్నాడు. ఆ మాట విన్నాక నేను జాబితాలు మూసేసి పద్దులు వెతకడం మొదలెట్టాను.

పంచాయతీ పద్దుతోనే మొదలెడదాం. అప్పట్లో 15వ ఆర్థిక సంఘం డబ్బు ఢిల్లీ నుంచి వచ్చేది, రాష్ట్రం గుండా వచ్చేది, మా ఊరి జనాభా లెక్కన వచ్చేది. అందులో 60 శాతానికి ముడి వేసి పంపించేవాళ్లు, సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగతా 40 శాతం మన ఇష్టం, జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ వాడకూడదు, అంతే. వినడానికి బాగుంటుంది. ఆ రోజుల్లో చాలా పంచాయతీల ఖాతాల్లోంచి ఆ డబ్బు కరెంటు బకాయిల కింద సర్దేశారని రాష్ట్రమంతా సర్పంచులు రోడ్డెక్కారు, మీరూ చూసి ఉంటారు. మా ఖాతాలో మిగిలిందాంతో తూము కాదు గదా, తూము పక్కన గోడ కూడా రాదు. ఇంకో వాయిదా పడేదాకా ఆగాల్సొచ్చింది. ఉపాధి హామీ ఇంకో దారి: అప్పటి చట్టం ప్రకారం కూలి డబ్బు మొత్తం కేంద్రానిది, సామగ్రి ఖర్చులో పావు వంతు రాష్ట్రానిది, పని ఏదన్నది గ్రామసభ తీర్మానం. చేల మధ్య బోదె పూడిక తీయడం దాన్లో చక్కగా పడుతుంది. అంటే ఎవరూ నాది కాదన్న ఆరు వందల మీటర్లకి, ఎవరి పరిధో తేలకుండానే, పద్దు దొరికింది.

అప్పుడు పనిని ముక్కలు చేశాం. గచ్చు పగలగొట్టి దించడం రహదారి వాళ్ల మామూలు మరమ్మతు పద్దులో. బోదె మీడియం డ్రెయిన్లో కలిసే చోట గుర్రపుడెక్క, పూడిక తీయడం డ్రెయినేజీ వాళ్ల వేసవి పనుల్లో. ఆరు వందల మీటర్లు ఉపాధి హామీలో. తూముకి ఇవతల చెత్త ఆపే గుంట, అరవై మీటర్ల డ్రెయిను సరిచేయడం పంచాయతీ డబ్బుతో. ఎవరినీ "మా ఊరిని కాపాడండి" అని అడగలేదు, ఎవరి ముక్క వాళ్లకి చూపించాం.

కాగితం మీద ఇంత బాగా కుదిరింది గదా, ఎవరూ ముందు మొదలెట్టరు. అవతలవాళ్లు తీస్తే మేం తీస్తాం, ఇదే పాట. వాన నాటి నుంచి లెక్కేస్తే నాలుగు నెలలు అలా పోయాయి. ఫిబ్రవరిలో ఒక సోమవారం సర్పంచి గారు మేస్త్రి గెడ పట్టుకుని అమలాపురం కలెక్టరేటుకి, అప్పట్లో అర్జీలు తీసుకునే స్పందన కార్యక్రమానికి బయల్దేరింది. గుమ్మం దగ్గర కానిస్టేబులు కర్రలు లోపలికి తేకూడదన్నాడట. "ఇది కర్ర కాదండి, మా ఊరి ఎస్టిమేటు" అందట. లోపల కలెక్టరు గారి బల్ల ముందు నిలబడి గెడ మీది గీత, కింద బురద అంటిన మేర చూపించి, "ఇదిగో ఇంత ఎత్తుండి, మా పేటవాళ్లని తొమ్మిది రోజులు నానబెట్టింది" అని చెప్పింది. నేను వెనకాల ఫైలు పట్టుకుని ఉన్నాను. ఆ ఫైల్లో పదిహేడు ఉత్తరాలున్నాయి, వాటిని ఎవరూ అడగలేదు.

విపత్తు నిర్వహణ చట్టం, 2005లో వచ్చింది. దాని కింద జిల్లాకో సంస్థ ఉంటుంది, కలెక్టరు అధ్యక్షుడు, స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. 33వ సెక్షన్ ప్రకారం ఆ సంస్థ జిల్లా స్థాయిలో ఏ శాఖకైనా, ఏ స్థానిక సంస్థకైనా విపత్తు నివారణకు ఫలానా పని చేయమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. నాకు తెలిసి కేంద్రం పద్దునీ రాష్ట్రం పద్దునీ పంచాయతీ పద్దునీ ఒకే కాగితం మీద నిలబెట్టగలిగే ఆయుధం జిల్లాలో ఇదొక్కటే. వరదొచ్చాక వాడతారు, రాకముందు వాడాలని ఎవరికీ తోచదు. మా అదృష్టం కొద్దీ ఆ కలెక్టరు గారికి తోచింది. జిల్లా కొత్తది, కలెక్టరేటు అమలాపురంలో, జిల్లా పరిషత్తు మాత్రం ఇంకా పాత ఉమ్మడి జిల్లాకే, కాకినాడలో. ఉత్తర్వు ప్రతి ఒకటి అక్కడికీ వెళ్లింది, జవాబు రాలేదు. యానాం మాకు ఎంతో దూరం లేదు, అక్కడైతే ఇంకో రాజ్యం, పుదుచ్చేరి ప్రభుత్వం. వాన మాత్రం హద్దు చూసుకుని పడదు.

ఏప్రిల్లో కాలువలు కట్టేశాక ఉమ్మడి తనిఖీ పెట్టారు. నాలుగు శాఖల వాళ్లు తూము మీద, లారీలు హారన్ కొడుతూ పక్కనుంచి పోతున్నాయి, ఎవరి మాట ఎవరికీ వినపడదు. గంట సేపు ఎవరు ముందన్న వాదన. చివరికి మా లస్కరు, పిలవకపోయినా వచ్చినవాడు, "ముందు తోక తియ్యాలండి, తర్వాత తల. తల ముందు తీస్తే నీళ్లు నడుం దగ్గర ఆగుతాయి" అన్నాడు. డ్రెయినేజీ అసిస్టెంట్ ఇంజినీరు గారు నవ్వి, సరే అయితే మేమే ముందు అన్నారు. అన్ని ఉత్తరాలు రాసి, ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఆర్నెల్లు తిరిగాను.

పనులు జరిగిన తీరు క్లుప్తంగా చెబుతాను. డ్రెయినేజీ వాళ్లు పొక్లెయిన్ పెట్టి నాలుగు రోజుల్లో తమ ముక్క ముగించారు. ఉపాధి హామీలో యంత్రం పెట్టకూడదు, కాబట్టి ఆరు వందల మీటర్లు తట్ట, పార మీదే తీశారు, ఎక్కువమంది పేట ఆడవాళ్లే, తమ ఇంట్లో నిలిచిన నీళ్లకి దారి తామే తవ్వుకున్నారు, కూలికి. మధ్యలో చేపల చెరువుల గట్లు బోదెలోకి ఆరేసి అడుగులు జరిగి ఉన్నాయి. సర్వేయరు వచ్చి రాళ్లు పాతాడు. ఇద్దరు వెనక్కి జరిపారు. మూడోది మా వార్డు మెంబరు ఒకాయన బావగారిది, అది ఇప్పటికీ అక్కడే ఉంది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

రహదారి వాళ్లు మే నెలలో నాలుగు రాత్రులు ఒక వైపు ట్రాఫిక్ ఆపి గచ్చు పగలగొట్టి దించారు. మేస్త్రి మళ్లీ ట్యూబు పట్టుకొచ్చాడు. బోదె అడుగుకి గచ్చు ఒక అంగుళం కిందకే ఉంది. పక్కన ఇంకో తూము కావాలన్న మా కోరిక మాత్రం మరమ్మతు పద్దులో పట్టదు, దానికి ఢిల్లీ మంజూరు కావాలి, ప్రతిపాదన వెళ్లింది. వెళ్లిందన్నంత వరకే నాకు తెలుసు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మా వైపు కూడా విరగబడి కురిసింది. పేటలో నీళ్లు నిలిచాయి, రెండో రోజు సాయంత్రానికి తీశాయి. ఆ పెద్దావిడ ఈసారి మంచం మీద మంచం వేయలేదు. నేను టీ తాగుదామని వెళ్తే "పాలు లేవు బాబూ, ఇయ్యాల నీళ్లు రాలేదు గదా, పని చూసుకో" అంది.

మూడో రోజు దిగువ పంచాయతీ సర్పంచి గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అది సార్వా కోతల సమయం, వాళ్ల చేలల్లో పనలు పడి ఉన్నాయి. ఇదివరకు మా పేటలో తొమ్మిది రోజులు ఆగి నెమ్మదిగా వచ్చే నీళ్లు ఇప్పుడు ఒక్కరోజులో వాళ్ల మీదికి వచ్చాయి, వాళ్ల ఊరి బయట ఉన్న తూము అన్ని నీళ్లు మింగలేదు. మా మేస్త్రినే పిలిపించుకుని కొలిపించుకున్నారట, గచ్చు తొమ్మిదంగుళాలు ఎత్తుందట. దాన్ని సరిచేయడానికి మా పంచాయతీ కూడా వాటా వేసుకోవాలని, లేదా తూముకి పలకలు పెట్టి నీళ్లు ఆపుకోవాలని రాశారు. ఇద్దరమూ పంచాయతీలమే. ఒకరి మీద ఒకరికి ఏ జాబితాలోనూ అధికారం లేదు, పైన మండల పరిషత్తు ఉందంటారు గానీ దానికి పద్దే లేదు.

నేను జవాబు తయారుచేశాను. సదరు తూము మా పంచాయతీ పరిధిలో లేనందున, మా నిధులు వెచ్చించినచో ఆడిట్ అభ్యంతరం వచ్చునని, సంబంధిత శాఖను సంప్రదించగలరని. సంతకానికి సర్పంచి గారికిచ్చాను. ఆవిడ రెండుసార్లు చదివి, "ఇది మనకొచ్చిన ఉత్తరమే కదండీ, పేరు మార్చారంతే" అంది. కాగితం మడిచి డైరీలో పెట్టుకుని, మేస్త్రికి ఫోన్ చేసి, ఆఫీసు మూలనున్న గెడ తీసుకుని బయటికొచ్చింది. ఆటోలో గెడ పట్టలేదు. కొస బయటికి పెట్టి, దాన్ని నేనొక చేత్తో పట్టుకుని కూర్చుంటే, దిగువ ఊరికి బయల్దేరాం.